మామూలు కారణమేదీ కనిపించలేదు

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు యాభై నాలుగో ఏట వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు జారిపోయినా, దీర్ఘం తగ్గినా మన్నించండి. ప్రతి మాటనీ నోట్లో ఒకసారి అనుకుని గానీ కాగితం మీద పెట్టలేను, అందుకని నడక కూడా నిదానమే. తొందరున్నవాళ్ళు నన్ను దాటుకుని ముందుకి పోవచ్చు.

*

సోమవారం పొద్దున, నార్వేలోని హౌగ్‌విక్ ఊరి బ్యాంకులో కౌంటరు అద్దం కిందికి దించి, దాని మీద "ఈ వారం మూసి ఉంటుంది" అన్న కాగితం అంటించింది గున్‌వర్. ముప్పై ఒక్క ఏళ్ళలో పనివేళప్పుడు ఆ అద్దం దించడం ఆమెకి అదే మొదలు. టేపు ముక్కల్ని పంటితో కొరికి, నాలుగు మూలలా బొటనవేలితో రుద్ది, మేడమీదికి వెళ్ళింది.

మేడమీద సమావేశాల గదిలో కౌంటరు సిబ్బంది నలుగురికి నాలుగు కంప్యూటర్లు పెట్టి ఉంచారు. ఊళ్ళో నోట్లు పట్టుకునేవాళ్ళే లేనప్పుడు కౌంటరు ఎందుకని పైవాళ్ళు తేల్చారు; నెలాఖరుతో ఆ పని సరి. నలుగురిలో ఇద్దరిని మాత్రం కొత్త పనికి ఉంచుకుంటారు. ఖాతాల్లో దొంగడబ్బు దొరడబ్బుగా మారుతోందా అని కనిపెట్టే పని అది. నాలుగు రోజుల శిక్షణ, గురువారం పరీక్ష. గున్‌వర్‌కి యాభై తొమ్మిది. పింఛనుకి ఇంకా మూడేళ్ళుంది. ఈ వయసులో ఈ ఊళ్ళో ఇంకో కొలువంటే చేపలు శుభ్రంచేసే షెడ్డు. అక్కడా కుర్రవాళ్ళనే తీసుకుంటున్నారు.

శిక్షణకి ఓస్లో నుంచి వచ్చిన ఎస్పెన్‌కి ముప్పై నాలుగేళ్ళుంటాయి. తడిసిన బూట్లు గుమ్మం దగ్గర విడిచి, మేజోళ్ళతో గదంతా తిరుగుతూ చెప్పాడు.

"గుర్తులు మూడు. చాలామంది పంపుతారు. ఒకే మొత్తం పంపుతారు. వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. మూడూ ఒకచోట కనబడితే ఆగండి. ఎవరీ మనిషి, ఎలాంటి మనిషి అని ఆలోచించకండి. కౌంటర్లో మీకు మొహాలు కనబడేవి. ఇక్కడ కనబడవు. అందుకే పేర్లు నల్లగా కొట్టించాను."

"పేర్లు లేకపోతే నేను మా ఆవిడ్నే పట్టించేస్తానేమో బాబూ" అన్నాడు తూర్‌ఫిన్. గున్‌వర్ పక్క కౌంటర్లో ఇరవై ఏళ్ళుగా కూర్చున్న మనిషి. నోరు ఊరుకోదు.

"పట్టించు. జైల్లోనైనా ఆవిడ నీ గురక లేకుండా నిద్రపోతుంది" అంది గున్‌వర్.

ఎస్పెన్ నాలుగో ఫైలు గోడ మీద వేసి చూపించాడు. ఖాతాదారు పుట్టింది నార్వేలో, వయసు డెబ్బై ఒకటి, పింఛనుదారు. నవంబరు నెలలో నూట నలభై ముగ్గురి దగ్గర్నుంచి డబ్బు వచ్చింది. అందరూ పంపింది మూడువందల యాభై క్రోనర్లు, కాకపోతే దానికి రెట్టింపు. వచ్చిన రెండు మూడు రోజులకే అంతా నోట్ల రూపంలో బయటికి పోయింది.

"ఇది చూడండి. పాఠం చెప్పడానికే పుట్టినట్టుంది" అన్నాడు.

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు తూర్‌ఫిన్ పొట్ట పట్టుకున్నాడు.

"బాబూ, అవి తలకాయలు!"

ఎస్పెన్‌కి అర్థం కాలేదు. గున్‌వర్ చెప్పింది. "లెయివ్ అనే ముసలాయన అమ్మే తలకాయలండీ అవి. అక్టోబరులో గొర్రెల్ని కోస్తారు కదా, ఆ తలలు కొని, వెంట్రుకలు కాల్చి, ఉప్పులో వేసి, పొగబెట్టి జత మూడువందల యాభైకి అమ్ముతాడు. క్రిస్మస్‌కి ముందు ఊరంతా తింటాం. తలలిచ్చే రైతులు ముసలివాళ్ళు, చేతికి నోట్లిస్తేనే నమ్ముతారు. అందుకని తీస్తాడు. ఎన్నిసార్లు నేనే లెక్కపెట్టి ఇచ్చానో."

"తలలా? అంటే... కళ్ళతో సహా?"

"కన్ను తినడం రాకపోతే ఈ జిల్లాలో ఉద్యోగమే ఇవ్వరు. నీ మాట ఏమిటో ఆలోచించుకో" అన్నాడు తూర్‌ఫిన్.

ఎస్పెన్ కూడా నవ్వేశాడు. ఫైలు మీద "వివరణ ఉంది" అని రాసి పక్కన పెట్టాడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది.

మధ్యాహ్నం రొట్టె తిన్నాక ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు ఇచ్చాడు. గున్‌వర్‌కి వచ్చింది ఏడోది. ఆమె కాగితాలని నోట్లకట్ట సర్దినట్టు బల్ల మీద తట్టి, అంచులు సమం చేసి, వేలు తడి చేసుకుని ఒక్కొక్కటే తిప్పింది. ఖాతాదారు పుట్టింది ఆఫ్రికాలోని ఎరిత్రియా దేశంలో, స్త్రీ, నలభై ఎనిమిది. ప్రతి నెలా పదిహేనో తేదీన పదకొండుమంది తలా ఐదువేలు పంపుతున్నారు. ఆ పదకొండుమంది పుట్టిందీ అక్కడే. పద్దెనిమిదో తేదీకల్లా ఆ మొత్తం, దానికి ఖాతాదారుది ఇంకో ఐదువేలు కలిపి, ఎవరో ఒకరికి వెళ్ళిపోతోంది. ఆ ఒకరు నెలనెలా మారుతున్నారు.

మూడు గుర్తులూ కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. గున్‌వర్‌కి ఒళ్ళు చురుకెక్కింది. రాయడం మొదలుపెట్టింది. వాక్యాలు వాటంతటవే వచ్చాయి: "ఈ ఖాతాలోకి ఒకే రకం మొత్తాలు అనేకమంది నుంచి కొద్ది రోజుల తేడాలో వచ్చి చేరుతున్నాయి. వచ్చిన డబ్బు ఖాతాలో నిలవడం లేదు. ఖాతాదారు సంపాదనకీ ఈ రాకపోకలకీ పొంతన లేదు. ఇందుకు మామూలు కారణమేదీ కనిపించలేదు."

ఎస్పెన్ ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. రెండోసారి చదివాడు.

"గున్‌వర్ గారూ, ఈ పని ఇంతకు ముందెక్కడైనా చేశారా?"

"లేదు."

"హెడ్డాఫీసులో రెండేళ్ళుగా చేస్తున్నవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా రాయరు. దీన్ని ఇవాళే పైకి పంపుతాను."

పైకి పంపడమంటే మార్కులు వేయడానికి అనుకుంది గున్‌వర్. ఆ సాయంత్రం వానలో గొడుగు విప్పడం మరిచిపోయి సగం దూరం నడిచింది.

*

బుధవారం ఏడున్నరకి ఆమె వచ్చేసరికి లెతెబ్రహన్ కింద హాల్లో నేల తుడుస్తోంది. తొమ్మిదేళ్ళుగా ఆ బ్యాంకు నేల తుడిచేది ఆమే. రోజూ ఎనిమిదికి ముందు వెనకగదిలో ఇద్దరూ నిలబడి చెరో కప్పు కాఫీ తాగుతారు. లెతె తుడుపుగుడ్డ పిండి, బకెట్ అంచున వేసి, చేతులు లంగాకి తుడుచుకుని, జేబులోంచి కార్డు తీసింది.

"అక్కా, దీనికి ఏమొచ్చిందో చూడు. నిన్న కొట్లో ఎన్నిసార్లు పెట్టినా వద్దంది. పాలూ రొట్టే అక్కడే వదిలేసి వచ్చాను. వెనక వరసలో ఎవరనుకున్నావ్? మా చిన్నదాని టీచరు."

"కార్డు వెనక నల్లగీత అరిగిపోయిందేమో."

"అరగడానికి నేను కొనేదెంత? ఫోన్లో కూడా తెరుచుకోవట్లేదు. 'మీ బ్యాంకుని సంప్రదించండి' అంటోంది. బ్యాంకుని నేనే తుడుస్తున్నాను, ఇంకెక్కడికెళ్ళి సంప్రదించాలి?" అని నవ్వింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఇంటికి అడ్వాన్సు కట్టాలక్కా. చర్చి వెనక రెండు గదుల ఇల్లు ఉంది చూడు, అది. పన్నెండు దాటితే వేరేవాళ్ళకిచ్చేస్తానని ఇంటాయన మొహం మీదే చెప్పాడు. పెద్దదానికి పదహారొచ్చాయి. తలుపు వేసుకుని బట్టలు మార్చుకోవడానికి కూడా చోటు లేదు దానికి."

"ఉండు, చూస్తాను."

గున్‌వర్ దించిన అద్దం వెనక కూర్చుని కంప్యూటరు పెట్టింది. ఖాతా నంబరు కొట్టింది. తెర మీద అడ్డంగా ఎర్ర పట్టీ వచ్చింది. ఖాతా నిలిపివేయబడింది. పక్కన ఆధారంగా ఒక కాగితం నంబరు ఉంది. దాన్ని తెరిచింది.

ఈ ఖాతాలోకి ఒకే రకం మొత్తాలు అనేకమంది నుంచి కొద్ది రోజుల తేడాలో.

చదవడం ఆగిపోయింది. చదవక్కర్లేదు, తరువాత ఏముందో ఆమెకి తెలుసు. ఎరిత్రియా, స్త్రీ, నలభై ఎనిమిది. ఈ ఊళ్ళో అలాంటివాళ్ళు ఎందరున్నారని? మొన్న ఫైల్లో ఆ వివరాలు చూసి కూడా ఈ మొహం ఎందుకు తట్టలేదు?

"ఏమంటోందక్కా?" లెతె అద్దానికి అటువైపు నుంచి తొంగి చూసింది.

గున్‌వర్ తెర ఆర్పేసింది. ఖాతాదారుకి ఒక్క మాట కూడా తెలియకూడదన్నది మొదటి రోజు మొదటి గంటలో చెప్పిన పాఠం.

"నాకు... ఇందులో ఏమీ కనబడట్లేదు."

"నీకు కనబడకపోవడమేంటి? పోయినేడు పోగొట్టుకున్న నా జీతం కాగితం ఎక్కడుందో చిటికెలో చూపించావు. మళ్ళీ చూడు."

"సాయంత్రం చూస్తాను లెతె. పైన క్లాసుకి టైమైంది."

మెట్లెక్కుతుంటే వెనక బకెట్ చక్రాలు కీచుమన్నాయి. ఆ రోజు కాఫీ ఎవరూ తాగలేదు.

*

ఎస్పెన్ ఒంటరిగా దొరికేదాకా ఆగింది. తొమ్మిదింటికి ముందు అతను కిటికీ దగ్గర నిలబడి నారింజ వలుచుకుంటున్నాడు.

"ఏడో ఫైలు నిజం ఖాతాదా?"

"అన్నీ నిజమైనవే కదా" అన్నాడు మామూలుగా. "ఆరు నెలల నుంచి చూడని కుప్ప అది. శిక్షణా అవుతుంది, కుప్పా తగ్గుతుందని పైవాళ్ళు పంపారు. నేను చెప్పలేదా?"

"చెప్పలేదు."

"చెప్పాననుకున్నాను." వలుస్తున్న చెయ్యి ఆగింది. "ఏం?"

"అది వెనక్కి తీసుకోవాలి."

"ఎలా తీసుకుంటారు? పైకి వెళ్ళిపోయింది. వాళ్ళు చదివి ఖాతా ఆపారు కూడా. మీరు రాసింది ఎంత నచ్చిందంటే..." కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. వచ్చే వారం ఇంకో ఊళ్ళో చెప్పబోయే పాఠం అది. పెద్ద అక్షరాలతో ఆమె వాక్యాలు. పైన "మంచి రిపోర్టు ఇలా ఉండాలి" అని ఉంది.

గున్‌వర్ కుర్చీ వీపు పట్టుకుంది.

"ఆవిడెవరో నాకు తెలుసు ఎస్పెన్."

అతను రెండు చేతులూ ఎత్తాడు, నారింజ తొక్కతో సహా. "పేరు చెప్పకండి. ఈ ఊళ్ళో మీకు తెలియనివాళ్ళెవరు? అలా అయితే ఏ ఒక్క ఫైలూ చూడలేరు. ఒక్కటే అడుగుతాను. ఆ డబ్బు ఎందుకు తిరుగుతోందో మీకు తెలుసా?"

గున్‌వర్ ఆలోచించింది. రోజూ కాఫీ తాగేటప్పుడు లెతె ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. పిల్లల సంగతి, బస్సు సంగతి, చలి సంగతి.

"తెలియదు" అంది.

"అదీ సంగతి. తలకాయల ముసలాయన సంగతి తెలుసు. ఇది తెలియదు. అంతే తేడా."

"ఫోన్ చేసి అడిగితే?"

"శిక్షణలో ఫోన్ లేదు. మీ అంతట మీరు అడిగి, ఆవిడకి అనుమానం వచ్చిందనుకోండి, అది నేరం. బ్యాంకు మీద పడదు, మీ మీద పడుతుంది." గొంతు తగ్గించాడు. "గున్‌వర్ గారూ, ఆ రెండు కుర్చీల్లో ఒకటి మీదే. నేను ఇప్పటికే రాసేశాను. పరీక్ష పేరుకే. పాడు చేసుకోకండి."

సాయంత్రం హాల్లో లెతె లేదు. గున్‌వర్ బల్ల మీద మాత్రం మడిచిన చీటీ ఉంది. లెతె రాత గుండ్రంగా, బడిపిల్లల రాతలా ఉంటుంది. "అక్కా, కనబడిందా? రేపు పొద్దున వస్తాను." గున్‌వర్ గురువారం పొద్దున ఎనిమిది దాటాక, వెనక గుమ్మంలోంచి వచ్చింది.

*

పరీక్షకి బ్యాంకు మేనేజరు ఓడ్‌రున్ కూడా వచ్చి కూర్చుంది. పద్ధతి సులువు. ఆ వారం చూసిన ఫైళ్ళలోంచి ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుని, రిపోర్టు రాసి, పైకి చదవాలి. ఫైలు నంబరు చెప్పకూడదు. విన్నవాళ్ళు చేతులెత్తి తేల్చాలి, అనుమానించాలా వద్దా అని.

ముందు తూర్‌ఫిన్ చదివాడు. తడబడ్డాడు. తరువాత ఇద్దరు చదివారు. గున్‌వర్ లేచింది. కళ్ళజోడు సర్దుకుని, కాగితం రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ ఖాతాలోకి ఒకే రకం మొత్తాలు అనేకమంది నుంచి కొద్ది రోజుల తేడాలో వచ్చి చేరుతున్నాయి. వచ్చిన డబ్బు ఖాతాలో నిలవడం లేదు. ఖాతాదారు సంపాదనకీ ఈ రాకపోకలకీ పొంతన లేదు. ఇందుకు మామూలు కారణమేదీ కనిపించలేదు."

ఎస్పెన్ ముగ్ధుడై తల ఊపుతున్నాడు. ఓడ్‌రున్ చెయ్యి అందరికన్నా ముందు లేచింది. తూర్‌ఫిన్ లేపాడు. మిగిలిన ఇద్దరూ లేపారు.

"అనుమానమే లేదు" అంది ఓడ్‌రున్. "ఇంకా ఆపకుండా ఎందుకుంచారు దాన్ని? ఎరిత్రియా వాళ్ళది కదా, ఎస్పెన్ చెప్పాడు."

"కాదు" అంది గున్‌వర్. "ఇది నాలుగో ఫైలు. లెయివ్‌ది."

చేతులు ఇంకా పైనే ఉన్నాయి. ముందుగా తూర్‌ఫిన్ చెయ్యి దిగింది.

"ఏం పరాచికం ఇది?" అన్నాడు ఎస్పెన్.

"పరాచికం కాదు. ఏడో ఫైలుకి రాసిన మాటలే ఇవి, వీటితోనే ఆ ఖాతా ఆపేశారు. ఒక్క అక్షరం మార్చలేదు. మూడు గుర్తులూ సరిపోయాయి కదా? మీరందరూ చేతులెత్తారు కదా?" ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "ఆ నూట నలభై ముగ్గురిలో నేనున్నాను. రెండు తలలకి పంపాను. తూర్‌ఫిన్ ఉన్నాడు. ఓడ్‌రున్, నువ్వు నాలుగు తలలు తీసుకున్నావు, మీ అల్లుడి వాళ్ళొస్తున్నారని."

ఓడ్‌రున్ మెడ దగ్గర్నుంచి ఎర్రబడింది. కిటికీ మీద వాన కొట్టుకుంటోంది.

"ఆ ముసలాయన సంగతి మనకి తెలుసు" అంది ఓడ్‌రున్, తనకి తానే చెప్పుకున్నట్టు.

"తెలుసు. అందుకే నవ్వి వదిలేశాం. రెండోవాళ్ళని అడగనైనా లేదు."

"ఏడో ఫైలు ఖాతాదారుని ఎవరూ ఫోన్ చేసి అడగలేదా?" ఓడ్‌రున్ ఎస్పెన్ వైపు తిరిగింది.

"శిక్షణలో ఫోన్ లేదండీ."

"ఖాతా ఆపడం మాత్రం శిక్షణలో ఉందా?"

ఎస్పెన్ మేజోళ్ళ వైపు చూసుకున్నాడు. అతని మొహంలో తప్పు చేశానన్న భావం కన్నా, ఉన్న నేల మెత్తగా దిగబడుతున్నప్పటి కంగారు ఎక్కువ కనబడింది. దారి ఒకటుంది, అన్నాడు. ఏ ఖాతాదారునైనా డబ్బు ఎక్కడిదని మామూలుగా అడిగే ఫారం ఉంది. అనుమానమన్న మాట రాకూడదు. ఫారంలో ఉన్న ప్రశ్నలే అడగాలి. మాటలు రికార్డు చెయ్యాలి.

"రేపు తొమ్మిదింటికి అడగండి" అంది ఓడ్‌రున్. కాగితాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పింది. "రాసినవాళ్ళే అడగాలి."

*

శుక్రవారం తొమ్మిదింటికి గున్‌వర్ మేడమీద చిన్న గదిలో ఫోన్ ముందు కూర్చుంది. ఎదురుగా ఎస్పెన్, చెవులకి వినే గొట్టాలు పెట్టుకుని. మధ్యలో ఫారం. ఈ వేళప్పుడు లెతె బడిలో తుడుస్తూ ఉంటుంది. నాలుగోసారి మోగాక ఎత్తింది. వెనక పిల్లల గోల వినిపించింది.

"హలో?"

"నేను బ్యాంకు నుంచి గున్‌వర్ త్వైట్‌ని మాట్లాడుతున్నాను. ఈ మాటలు రికార్డవుతున్నాయి."

"అక్కా? నువ్వా? ఏంటి ఆ గొంతు, జలుబు చేసిందా?" గోల దూరమైంది, తలుపేదో మూసుకుంది. "కనబడిందా? నిన్నంతా నీ కోసం చూశాను. ఇవాళ శుక్రవారం అక్కా, పన్నెండుకి..."

"నేను కొన్ని ప్రశ్నలు అడగాలి. ఖాతాదార్లందరినీ అడిగేవే."

అవతల బకెట్ పక్కకి జరిపిన చప్పుడైంది.

"అడగండి" అంది లెతె.

"ప్రతి నెలా మీ ఖాతాలోకి పదకొండుమంది ఐదేసి వేలు పంపుతున్నారు. ఎందుకు?"

"ఉకుబ్ అది."

"అంటే?"

"అంటే... మా ఊళ్ళో ఆడవాళ్ళు చేసేదే. పన్నెండుమందిమి. నెలనెలా అందరం వేస్తాం, ఒకరు తీసుకుంటారు. వచ్చే నెల ఇంకొకరు. వడ్డీ లేదు, కాగితం లేదు. నేను తల్లిని, అంటే పోగుచేసేదాన్ని."

మనం చీటీ అంటామే, అదే. పాట ఉండదు, వరస మాత్రం ఉంటుంది. గున్‌వర్ రాస్తోంది.

"ఆ పదకొండుమంది ఎవరు?"

లెతె ఒక్కొక్కరి పేరూ చెప్పింది, ఎక్కడ పనిచేస్తారో కూడా. అబ్రెహెత్ వృద్ధాశ్రమంలో. సెల్లాస్ బస్సు నడుపుతుంది. ఇద్దరు చేపల షెడ్డులో. పోలీసుకి చెబుతున్నట్టు, ఇంటిపేర్లతో సహా, నిదానంగా చెప్పింది. ఎవరు ఏ నెలలో ఎందుకు తీసుకున్నారో చెప్పింది. ఒకరి పళ్ళు, ఒకరి కొడుకు డ్రైవింగు పరీక్ష, ఒకరి తల్లి చావు.

"ఈ నెల వంతు ఎవరిది?"

"నాది. ఇంటి అడ్వాన్సుకి. చెప్పాను కదా."

గున్‌వర్ ఫారం చివరికి వచ్చింది. ఎనిమిదో ప్రశ్న. "మీరు చెప్పింది నిజమని చెప్పగలిగేవాళ్ళు, మీవాళ్ళు కాకుండా, ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారుగా. నువ్వు."

గున్‌వర్ కలం ఆగింది.

"గుర్తులేదా అక్కా? ఆరేళ్ళయింది. మీ ఆయన పోయిన ఏడు. పదకొండుమందిమే ఉన్నాం, పన్నెండో మనిషి కావాలి. నువ్వు ఒక్కదానివే ఇంట్లో కూర్చుంటున్నావని నిన్నే అడిగాను ముందు. వెనకగదిలో, కాఫీ తాగుతూ. ఎలా వేస్తాం, ఎలా తీస్తాం, మొత్తం కాగితం మీద గుండ్రంగా గీసి చూపించాను. నువ్వు నవ్వావు. 'నాకు బ్యాంకు ఉంది లెతె, అది చాలు' అన్నావు. అందుకని సెల్లాస్‌ని తీసుకున్నాం."

ఎస్పెన్ చెవుల గొట్టాలు తీసి బల్ల మీద పెట్టాడు.

గున్‌వర్‌కి గుర్తుంది. లెతె వేలు గుర్తుంది, నీళ్ళలో నాని తెల్లబడిన వేలి కొస, కాగితం మీద గుండ్రంగా తిరగడం. తను చేతిగడియారం చూసుకోవడం కూడా గుర్తుంది. మాటలు మాత్రం ఆ రోజు చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. సోమవారం మధ్యాహ్నం ఏడో ఫైలు తిప్పుతున్నప్పుడు అవి లోపలే ఎక్కడో ఉన్నాయి. నిన్నగాక మొన్న ఈ ఎస్పెన్ ఎదుటే నిలబడి, తెలియదు అంది.

"వింటున్నావా అక్కా?"

"వింటున్నాను. మీరిచ్చిన వివరాలకి... కృతజ్ఞతలు" అని చదివి, పెట్టేసింది.

ఫారం కింద ఇంకో గడి ఉంది. అది ఖాతాదారుని అడిగేది కాదు, అడిగినవాళ్ళు నింపేది. "ఈ వివరణ బ్యాంకులో ఎవరికైనా ఇంతకు ముందే తెలుసా?"

"లేదని రాయండి" అన్నాడు ఎస్పెన్.

"లేదని రాస్తే?"

"పైవాళ్ళు చూస్తారు. పదిరోజులు పట్టొచ్చు."

"పన్నెండు లోపల?"

"కుదరదు."

"అవునని రాస్తే?"

అతను నుదురు రుద్దుకున్నాడు. "బ్యాంకు దగ్గర ముందే వివరణ ఉన్నప్పుడు రిపోర్టే చెల్లదు. మేనేజరు సంతకంతో ఇప్పటికిప్పుడు ఖాతా తెరవొచ్చు. కానీ ఎవరికి తెలుసో పేరు రాయాలి. తెలిసి కూడా కారణం కనిపించలేదని రాసిన మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టరు. నేను చెప్పినా కూర్చోబెట్టరు." ఆగి అన్నాడు, "ఆరేళ్ళ కిందటి కాఫీ కబురు. నేను వినలేదనుకుంటాను. టేపు ఎవరూ వినరు."

గున్‌వర్ గోడ గడియారం చూసింది. పది కావడానికి ఐదు నిమిషాలు. ఆమె "అవును" అని రాసింది. కింద తన పేరు రాసింది, ఎప్పటి నుంచి తెలుసో ఆ సంవత్సరం కూడా వేసింది. ఫారం తీసుకుని వసారా దాటి ఓడ్‌రున్ గదికి వెళ్ళింది.

ఓడ్‌రున్ నిలబడే చదివింది. చివరి గడి దగ్గర కళ్ళు ఆగిపోయాయి. తల ఎత్తి గున్‌వర్ని ఎన్నడూ చూడనట్టు చూసింది.

"నీకు తెలుసా? తెలిసే రాశావా?"

"చెప్పింది ఆవిడ. నేను వినలేదు."

ఓడ్‌రున్ కలం తీసుకుని సంతకం చేసింది. రెండు మీటలు నొక్కింది. "ఆ కుర్చీ తూర్‌ఫిన్‌కి వెళుతుంది."

"సరే."

"నెలాఖరు దాకా రావచ్చు నువ్వు."

"సరే."

కిందికి దిగి, దించిన అద్దం వెనక తన స్టూలు మీద కూర్చుంది. చెయ్యడానికి పనేమీ లేదు. సొరుగు తెరిచింది, మూసింది. పదకొండూ ఇరవైకి కౌంటరు ఫోను మోగింది.

"అక్కా! వెళ్ళిపోయింది! అడ్వాన్సు కట్టేశాను, ఇంటాయన సరే అన్నాడు, సోమవారం తాళంచెవి ఇస్తానన్నాడు!" లెతె వీధిలో ఉన్నట్టుంది, రొప్పుతోంది. "ఏం మంత్రం వేశావు?"

"ఏమీ లేదు. నాకు తెలుసని చెప్పాను."

"అంతేనా? అంత మాటతో అయిపోయిందా?" లెతె గట్టిగా నవ్వింది. "మరి ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదక్కా."

గున్‌వర్ ఫోను చెవికి అలాగే ఆనించుకుంది.

"అవును లెతె" అంది. "సరిపోయేది."

*

గుడిమెట్ల మంగతాయారు
వయసు డెబ్బై ఒకటి
ప్రస్తుతం ఉంటున్నది నార్వే దేశంలో, బెర్గెన్ ఊరు